కబుర్ల తాత నీళ్ళు తాగలేదు

మొన్న మధ్యాహ్నం మా అబ్బాయి ఫోనులో ఏదో వస్తువు తెప్పించాడు. కలకత్తా న్యూ టౌన్‌లో మేమున్న ఈ అపార్టుమెంటుకి రోజూ అలాంటి సంచులు వస్తూనే ఉంటాయి. తలుపు తీస్తే ఓ కుర్రాడు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. లిఫ్టు పాడై మెట్లెక్కి వచ్చాడట. ఎండ చూస్తే బయట పక్షి కూడా ఎగరడం లేదు. ఉండు నాయనా అని లోపలికెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చాను.

"నా మాషీమా, జోల్ లాగ్బే నా" అని బెంగాలీలో నీళ్ళు వద్దని, సంచి నాకిచ్చి మెట్లు దిగిపోయాడు.

నేను గ్లాసు పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను. మా అబ్బాయి వచ్చి చూసి నవ్వాడు. "వాళ్ళ దగ్గర బాటిల్ ఉంటుందమ్మా. ఇంకో పది ఇళ్ళు తిరగాలి. నీళ్ళు తాగుతూ కూర్చుంటే అవుతుందా?" అన్నాడు. వాడన్నది నిజమే. ఆ మాత్రం నాకు తెలియకపోలేదు. కానీ గడప దాకా వచ్చిన మనిషి నీళ్ళు వద్దన్నాడంటే, ఇన్నేళ్ళొచ్చినా నాకు ముందు పుట్టేది ఒకటే భయం. ఎవరు పోయారో అని.

ఈ భయం నాకు మా ఊరిచ్చింది. ఊరు ఇప్పుడు ఆ రూపాన లేదు, ఆ మనుషులూ లేరు. భయం మాత్రం భద్రంగా నా దగ్గరుంది.

మాది చిన్న తాలూకా. కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న నేల. తాలూకా ఊళ్ళో ఆసుపత్రి ఉండేది, డాక్టరు ఉండేవాడు కాదు. బస్సు ఉండేది, వానలు పడితే అదీ రాదు. మా ఊరికి ఆ రెండూ దూరమే కాబట్టి వాటి మీద మాకు పెద్దగా బెంగ ఉండేది కాదు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం గంజన్నం, దాంట్లోకి నిప్పుల మీద కాల్చిన ఎండు చేప ముక్క. ఆ చేప వాసన వీధి మొదట్లోకే వచ్చేది. ఎవరింట్లో కాలుస్తున్నారో ముక్కుతో పట్టేసేవాళ్ళం. మండు వేసవిలో జీడిపళ్ళు రాలేవి. వాటి రసానికి గొంతు పట్టేసినా వదిలేవాళ్ళం కాదు. పెద్దవాళ్ళు చూడకుండా పిక్కలు కాల్చుకు తినబోతే, పైన తొక్కలో నూనె చిమ్మి మూతులు పొక్కిపోయేవి. పొక్కిన మూతితో ఇంటికెళితే దొంగతనం చెప్పకుండానే తెలిసిపోయేది. దానికి మళ్ళీ వీపు మీద రెండు పడేవి.

ఊళ్ళో పెద్దగా మగవాళ్ళు కనిపించేవారు కాదు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళంతా కలకత్తాలో ఉండేవారు. కొందరు ఓడరేవులో మూటలు మోసేవాళ్ళు, కొందరు కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాళ్ళు. మా నాన్న రెండో రకం. అమ్మ కూడా ఆయనతోనే ఉండేది. ఉన్న ఒక్క గదిలో నాకు చోటు లేదని నన్ను మామ్మ దగ్గర వదిలారు. మామ్మంటే నాన్న తల్లి. ఇంట్లో మామ్మ, నేను, చిన్నత్త. చిన్నత్త మా నాన్నకి కడగొట్టు చెల్లెలు. పెళ్ళైన ఏడాదికే మావయ్య గార్డెన్ రీచ్ రేవులో పనికని కలకత్తా వెళ్ళాడు. గది దొరకగానే తీసుకెళతానన్నాడట. ఆ గది ఎన్నాళ్ళకీ దొరకలేదు.

మా ఊళ్ళో అన్నిటికన్నా కష్టం నీళ్ళు. ఎండాకాలం ఏరు ఎండిపోయి ఇసక తేలేది. ఆ ఇసకలో చెలమలు తవ్వేవాళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో గుంట. మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున ఊరే నీటిని కొబ్బరి చిప్పతో తోడి, కుండలో గుడ్డ మీంచి వడబోయాలి. ఒక కుండ నిండేలోపు ఊళ్ళో సంగతులన్నీ అయిపోయేవి. ఎవరి కోడలు ఎవరితో ఏమన్నదో, ఎవరి మొగుడు కలకత్తా నుంచి సబ్బులు పంపాడో, అన్నీ నేను అక్కడే విన్నాను. చిన్నత్త మాత్రం మాటల్లో పడేది కాదు. తల మీద కుండ, చంకలో కుండ, ఎండలో ఆ ఇసక దాటి ఇంటికొచ్చేది. దారిలో ఒక్క చుక్క ఒలికేది కాదు. నా చేతిలో చిన్న ముంత ఉండేది. అది తొణికితే చాలు, అత్త ఆగిపోయేది.

"ఓసి గుంటా, నీలట్టా ఒంపేత్తే ఎవులు మల్లీ ఎల్తారే? నీ మొగుడొస్తాడేటి?" అనేది.

ఎవరికైనా నీళ్ళివ్వడమంటే అంత కష్టాన్నీ తీసి చేతిలో పెట్టడమే. అందుకే మా ఊళ్ళో మంచినీళ్ళకి పెద్ద మర్యాద. గుమ్మంలోకొచ్చినవాడు నీళ్ళు తాగితే అంతా క్షేమమని లెక్క. చావు కబురు తెచ్చినవాడు మాత్రం ఆ ఇంట నీళ్ళు ముట్టడు. నోటితో చెప్పే ముందే ఆ సంగతి అలా తెలియజేసేవాడు. దూరదేశంలో పోయినవాళ్ళ శవం ఊరికి రాదు కదా. కనుక కబురు అందిన పూటే ఏడుపులు, స్నానాలు, గాజులు తీయడాలు అన్నీ అయిపోయేవి.

కలకత్తా నుంచి కబుర్లు మోసేది ఒక ముసలాయన. మేము కబుర్ల తాత అనేవాళ్ళం. ఆయన రేవు పని మానేసినా, ఏడాదికోసారి అటెళ్ళి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరినీ కలిసి, వాళ్ళు చెప్పినది చెప్పినట్టు గుర్తుపెట్టుకుని వచ్చి ఇంటింటికీ అప్పగించేవాడు. ఉత్తరాలు రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ లేని ఊరు మాది. తాత వీధిలో అడుగుపెడితే పిల్లలం వెనక పడేవాళ్ళం. ఆయన సంచిలో పంచదార బతాసాలు ఉండేవి, తెల్లగా, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేవి. ఒకసారి ఆయన కునుకు తీస్తుంటే సంచి కింద చిల్లు పొడిచి చాలా లాగేశాం. ఆయనకి తెలిసినా తెలియనట్టు ఊరుకున్నాడు. కానీ ఆడవాళ్ళు బతాసాల కోసం చూసేవారు కాదు. తాత ఏ గుమ్మం ముందు ఆగాడు, చెంబు అందుకున్నాడా లేదా, అందరి కళ్ళూ అక్కడే ఉండేవి.

ఆ ఏడు తాత మా ఇంటికి అందరికన్నా ఆఖరున వచ్చాడు. అందులో ఏదో ఉందని మాకు అప్పుడు తోచలేదు. చిన్నత్త అప్పుడే చెలమ నుంచి వచ్చింది. ఇంకా తడి ఆరని నుదుటి మీద బొట్టు సరిచేసుకుని, ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నవ్వుతూ ఇచ్చింది. "తాగు మావా. ఎండలో వచ్చినావు."

తాత చెంబు వంక చూశాడు. చేతులు చాచలేదు. తల అడ్డంగా ఊపాడు.

నేను ఆయన పక్కనే ఉన్నాను, బతాసా కోసం. అత్త మొహంలో నవ్వు ఇంకా పోలేదు. అది పోయేలోగానే పక్కింటి అరుగు మీంచి ఎవరో "ఓలమ్మో, నీలు తాగనేదే!" అని కేక పెట్టారు. అంతే. మామ్మ లోపల్నించి పరిగెత్తుకొచ్చి గుండెలు బాదుకుంది. వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చిపడింది. తాత నోరు తెరవడం నేను చూశాను. మామ్మతో "అది కాదు సెల్లీ..." అన్నట్టే గుర్తు. ఆ ఏడుపుల్లో ఎవరికీ వినిపించలేదు. ఆయన మళ్ళీ నోరు మూసుకున్నాడు. గోడకి జారగిలబడి తుండు తల మీద వేసుకున్నాడు.

ముసలమ్మలు అత్తని కూర్చోబెట్టారు. అత్త ఏడవలేదు. చెంబు కూడా వదల్లేదు, ఎవరో లాక్కోవలసి వచ్చింది. ఆకుపచ్చ గాజులు, పెళ్ళినాటివి. అరుగు అంచుకేసి కొట్టారు. బొట్టు చెరిపారు. తల మీద నీళ్ళు కుమ్మరించారు. అత్త పొద్దుటి నుంచి తోడి తెచ్చిన నీళ్ళే అవి. వాకిట్లో బురదైంది. అందులో గాజుముక్కలు మెరుస్తుంటే నేనొకటి ఏరి లంగా చెంగులో దాచుకున్నాను. గాజుముక్కలతో ఆడుకోవడం మాకు అలవాటే. మామ్మ తర్వాత అది చూసి నా చేతిలోంచి పీకి దిబ్బ మీదకి విసిరేసి నా వీపు మీద రెండు వేసింది. నన్ను ఎందుకు కొట్టిందో అప్పుడు తెలియక చాలాసేపు ఏడ్చాను.

ఏడుపులు సన్నగిల్లాక ఒక పెద్దమనిషి తాతని అడిగాడు. "ఎలాగ పోనాడు? జొరమా? మూటేటైనా మీద పడిందా?"

తాత తుండు తీయకుండానే అన్నాడు. "పోనేదు. బతికే ఉన్నాడు."

తర్వాత ఒక్కొక్క మాటా ఆయన నోట్లోంచి లాగవలసి వచ్చింది. మావయ్య అక్కడ ఇంకో ఆడమనిషితో కాపురం పెట్టాడు. కొడుకు పుట్టాడు. ఆ సంగతి ఇంటికి చెప్పమని తాతకే అప్పగించాడు. "ఈ మాట మోసుకొచ్చి, ఈ తల్లి సేతి నీలు ఎలాగ తాగీది సెల్లీ? గొంతు దిగుతాదేటి?" అన్నాడు తాత. "నాను సెప్పబోనాను. మీరు ఇన్నారు కారు."

అప్పుడు మాట్లాడింది చిన్నత్త. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నోరు తెరిసినావు మావా. మల్లీ మూసినావు. నాను సూసినాను."

మామ్మ ఆయన్ని తిట్టిన తిట్లు రాయలేను. నాకిప్పటికీ తాత మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ కబురు చెప్పడం కన్నా ఈ ఏడుపు సాగనివ్వడమే ఆయనకి సులువనిపించిందేమోనని నా అనుమానం. లేదా ఆ గోలలో ముసలివాడికి నిజంగానే దిక్కు తోచలేదేమో. ఏదైతేనేం, పగిలినవి అత్త గాజులే.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. మొగుడి పేరన ఏడుపు లేచిన ఆడమనిషికి తిరిగి పసుపు పెట్టాలంటే, ఆ మొగుడే స్వయంగా రావాలన్నారు. ఊరి బయట తలస్నానం చేయించి, కొత్తగా పుట్టినవాణ్ణి తెచ్చినట్టు తీసుకొచ్చి, ఆ చేత్తోనే అత్తకి గాజులు వేయించాలట. మామ్మ అదే మాట తాతకి చెప్పి మళ్ళీ పంపింది. సంతలో కొత్త ఆకుపచ్చ గాజులు కొనుక్కొచ్చి గుడ్డలో చుట్టి ఉట్టిలో పెట్టింది. వాడెలాంటివాడైనా, ఒక్కసారి వచ్చి వెళితే చాలు, కూతురు మనుషుల్లో పడుతుందని ఆవిడ ఆశ.

ఆ మధ్యకాలంలో చిన్నత్త ఏమిటో ఊరికి అర్థం కాలేదు. పెళ్ళిళ్ళకి పిలవడానికొచ్చి మామ్మతోనే చెప్పి పోయేవారు, అత్త వైపు చూడకుండా. ముండమోపి అందామంటే మొగుడు బతికున్నాడు. ముత్తైదువ అందామంటే బొట్టు లేదు. ఒకరోజు ఎదురింటి పిన్ని ఏదో శుభకార్యానికి బయల్దేరింది. నీళ్ళకుండతో అత్త ఎదురైంది. నిండుకుండ మంచి శకునమే, మోసేది మాత్రం అత్త. పిన్ని ముందుకెళ్ళాలో వెనక్కెళ్ళాలో తెలియక దారి మధ్యలో నిలబడిపోయింది.

"ఎల్లెల్లు పిన్నీ," అంది అత్త. "మంచో సెడ్డో నాకూ తెల్దు."

నాకు నవ్వొచ్చి నవ్వాను. అత్త కూడా నవ్వింది. ఇంటికొచ్చాక కుండ దించి, చాలాసేపు పొయ్యి దగ్గర గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను వెళ్ళి వీపుకి ఆనుకున్నాను.

ఉట్టి వంక అత్త చూసేది. చూడనట్టే చూసేది. చెలమ నుంచి వచ్చేటప్పుడు, బస్సు దిగినవాళ్ళు ఊళ్ళోకి నడిచొచ్చే దారి చుట్టుతిరుగుడైనా అటునుంచే వచ్చేది. తల మీద కుండతో ఎందుకంత దూరమని నేను అడిగితే, ఇటు ఇసక కాలదే అనేది. ఇసక ఎటైనా కాలుతుంది.

కోతలయ్యాక తాత వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. వీధి వీధంతా అరుగుల మీద ఉంది. ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. మామ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. చిన్నత్తే లేచి లోపలికెళ్ళి, అదే ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"తాగు మావా."

"కబురు సెప్పినాక తాగుతానమ్మీ."

"కబురొద్దు. ముందు తాగు. ఈ ఇంట్లో సావు ఎప్పుడో అయిపోనాది. దినాలు దాటినాక ఎవులింట్లోనైనా నీలు తాగొచ్చు. తాగు."

తాత చెంబందుకున్నాడు. తాగుతూనే ఏడ్చాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా అత్త అక్కడే నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి ఉట్టిలోంచి గాజులు తీసి నా చేతులకి తొడిగింది. నాకవి పెద్దవి. చెయ్యి దించితే జారిపడేవి. జబ్బల దాకా తోసుకుని చాలా రోజులు తిరిగాను.

మావయ్య పంపిన కబురేమిటో తాత పెరట్లో మామ్మకి చెప్పగా విన్నాను. రావడం కుదరదట, కావాలంటే అత్తనే పంపమన్నాడట, ఇద్దరూ ఉండొచ్చట. మామ్మ ఆ మాట అత్తకి ఎన్నడూ చెప్పలేదు. చెప్పినా అత్త వినేది కాదు.

మామ్మ పోయాక నాన్న వచ్చి మా ఇద్దరినీ కలకత్తా తెచ్చేశాడు. బస్తీలో రేకుల గది, వీధి చివర కుళాయి. మొదటిరోజు పొద్దున్నే నాన్న పని చూద్దామని వెంట వెళ్ళాం. వాళ్ళు లావుపాటి గొట్టం తగిలించి రోడ్డంతా నీళ్ళు కొడుతున్నారు. తెల్లటి ధార. అత్త కొంగు నోట్లో కుక్కుకుని చూసింది.

"నేలకి నీలు తాపిస్తన్నారేటన్నియ్యా?"

"గంగ నీలేనే సెల్లీ. తాగీవి కావు," అని నవ్వాడు నాన్న. అత్తకి నవ్వు రాలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

కుళాయి పూటకి కాసేపే వచ్చేది. అత్త అందరికన్నా ముందు వరసలో నిలబడి కుండలూ డబ్బాలూ నింపేది. గదిలో మనుషులకన్నా నీళ్ళే ఎక్కువున్నాయని అమ్మ ఎత్తిపొడిచేది. మేము చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా అత్త పారబోయనిచ్చేది కాదు. ఇక గార్డెన్ రీచ్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. బస్సు మీద కండక్టరు ఆ పేరు అరుస్తూ పోతే అత్త ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచేది. అటు పోయే బస్సు మా వీధి చివరే ఆగేది. అత్త ఒక్కనాడూ ఎక్కలేదు.

నాకు పెళ్ళి కుదిరిన ఏడు, ఒక మధ్యాహ్నం మా గది ముందు ఒక కుర్రాడు నిలబడ్డాడు. పొడుగ్గా, నల్లగా ఉన్నాడు. నూనె మరకల చొక్కా. తెలుగూ బెంగాలీ కలిపి, ఫలానా వాళ్ళిల్లు ఇదేనా అని అడిగాడు. అత్త గడపలోకి వచ్చి అతని మొహం చూసింది. ఏమీ అడగలేదు. గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను గటగటా తాగేశాడు. నేనూ అమ్మా ఊపిరి పీల్చుకున్నాం. ఎవరైతేనేం, క్షేమంగానే వచ్చాడు.

అతను మూతి తుడుచుకుని గ్లాసు తిరిగిచ్చి, అప్పుడన్నాడు. "పెద్దమ్మా, బాబా సచ్చిపోయేరు. నిన్న రాత్రి, హాస్పిటల్‌లో. ముందు ఇక్కడికెళ్ళి చెప్పమని బాబానే చెప్పేరు."

బాబా అంటే అతని నాన్న, మా మావయ్య. పాపం అతను కలకత్తాలో పుట్టిన పిల్లవాడు. మా మర్యాద అతనికెవరు నేర్పుతారు?

అత్త గ్లాసు బోర్లించింది. "ఆ కబురు నాకెప్పుడో వచ్చినాది బాబూ," అంది. "ఎండలో వచ్చినావు. నెమ్మదిగా ఎల్లు. మీ అమ్మని సూసుకో." ఆ మాటల్లో కోపం లేదు. అతను ఇంకేదో చెప్పాలనుకుని, చెప్పలేక, వంగి ఆవిడ కాళ్ళకి మొక్కి వెళ్ళిపోయాడు.

నిజంగానే అత్తకేమీ లేదనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుని లోపలికి వెళ్ళింది. ఆ వయసులో అత్త మాటని నమ్మేశాను. మొన్న ఆ గుమ్మంలో నీళ్ళగ్లాసుతో నిలబడి తలుచుకుంటే, ఆ మాట అత్త తనకి తాను చెప్పుకుంటూ వచ్చిందేగాని ఎన్నడూ నమ్మలేదని తెలిసింది. మొగుడు పోయాడని ఊరంతా ఏడ్చిన రోజున ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, ఆ తర్వాత ఆ బతికున్నవాడి కోసం ఎన్ని మధ్యాహ్నాలు ఆ గార్డెన్ రీచ్ బస్సు వంక చూసిందో.

అత్త ఇంటి వెనక సందులోకి నడిచింది. కుళాయి వచ్చే వేళ కాదు. పొద్దున్న వరసలో నిలబడి తెచ్చిన తాగే నీళ్ళకుండ రెండు చేతులా ఎత్తుకెళ్ళి, చీరతోనే నేల మీద కూర్చుని, తల మీద కుమ్మరించుకుంది. అది అయిపోయాక రెండోది తెచ్చుకుంది. తర్వాత డబ్బాలు. దారిలో చుక్క ఒలకనివ్వని మనిషి ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ అలా పోసేసుకుంది. నీళ్ళు సందులోంచి పారి కాలవలో కలిసిపోయాయి. అప్పుడు ఏడ్చింది.

మేమెవరమూ ఆపలేదు. సాయంత్రం కుళాయి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ దాహంతోనే ఉన్నాం.